ఆటలో దయ్యం, చరిత్రలో కుర్రవాడు: అమకుస షిరో తొకిసద

వీడియో ఆటలోని ఒక పాత్రతో చరిత్ర పాఠం మొదలు కావడం మీకు కొత్తగా అనిపించవచ్చు. తిరుగుబాట్ల గురించి చదివేటప్పుడు సాధారణంగా మనం శిస్తు లెక్కలు, ప్రభుత్వ ఉత్తరాలు, విదేశీయుల రాతలు ముందు పెట్టుకుంటాం. అవి తప్పనిసరి. కాని ఓడిపోయిన తిరుగుబాటు తర్వాతి తరాల మనసులో ఏ రూపంలో మిగిలిందో తెలుసుకోవడానికి అవి చాలవు. అందుకు నాటకాలు, నవలలు, సినిమాలు, చివరికి పిల్లలు ఆడుకునే ఆటలు కూడా చూడాలి. 17వ శతాబ్దపు జపాన్‌లో జరిగిన షిమబర తిరుగుబాటు ఇందుకు మంచి ఉదాహరణ.

ఆటలోని పాత్ర

జపాన్‌కు చెందిన ఎస్‌ఎన్‌కే సంస్థ 1993లో 'సమురాయ్ స్పిరిట్స్' అనే పోరాట ఆటను విడుదల చేసింది. జపాన్ వెలుపల దీన్ని 'సమురాయ్ షోడౌన్' అంటారు. ఆ రోజుల్లో పేరుపొందిన పోరాట ఆటల్లో ఎక్కువగా పిడిగుద్దులు, తన్నులే ఉండేవి. ఈ ఆటలో యోధుల చేతికి ఆయుధాలు ఇచ్చారు. ఒకరికి పొడవైన కత్తి, ఒకరికి గొలుసు కొడవలి, ఇంకొకరికి డేగ తోడు. కథాకాలం 18వ శతాబ్దం చివరి భాగం. జపాన్ చరిత్రలో దాన్ని తెన్‌మేయ్ శకం అంటారు.

ప్రత్యర్థులందరినీ ఒక్కొక్కరినే ఓడించుకుంటూ వచ్చిన ఆటగాడికి చివర ఎదురయ్యేవాడు అమకుస షిరో తొకిసద. పాలిపోయిన ముఖం, పొడవాటి జుట్టు, జీరాడే వస్త్రాలు. చూడగానే ఆడో మగో తేల్చుకోలేం. నేల మీద కాలు మోపి నడవడు, గాలిలో తేలుతుంటాడు. చేతిలో కత్తి ఉండదు, ఒక మణిగోళం ఉంటుంది. దాన్ని విసిరి ఎదుటివాణ్ణి దెబ్బతీస్తూ కీచుగొంతుతో నవ్వుతాడు. ఆట కథ ప్రకారం అతడు 150 ఏళ్ల కిందటే చనిపోయినవాడు. ఒక చీకటి దేవత అండతో మళ్లీ లేచి, తనను చంపిన తొకుగవ ప్రభుత్వం మీద పగ తీర్చుకోవడానికి వచ్చాడు. పాత్ర జనానికి నచ్చింది. తర్వాతి భాగాల్లోనూ తిరిగి వచ్చింది. 1996లో వచ్చిన నాలుగో భాగానికి ఉపశీర్షికలోనే అతని పేరు ఉంది. 2019లో ఈ ఆటను కొత్తగా తయారుచేసినప్పుడు, 2021లో అతణ్ణి మళ్లీ చేర్చారు.

మీరు గమనించవలసింది ఒకటుంది. ఈ పేరు కల్పితం కాదు. ఆ పేరుగల కుర్రవాడు నిజంగానే బతికాడు, 1638 ఏప్రిల్‌లో చనిపోయాడు. అతనితో పాటు చనిపోయినవారి సంఖ్య 37,000 అని సంప్రదాయంగా చెబుతారు. ఆ సంఖ్య కొంత ఎక్కువ తక్కువ కావచ్చునని వాదించే చరిత్రకారులు ఉన్నా, వాళ్లలో స్త్రీలు, పిల్లలు పెద్ద సంఖ్యలో ఉన్నారన్న దానిలో వివాదం లేదు. ఇంతమంది రైతుల చావుకు ప్రతినిధి అయిన మనిషి జనం ముందుకు దయ్యంగా ఎందుకు వచ్చాడు? ఈ పాఠంలో మనం వెదికేది ఆ ప్రశ్నకు జవాబు.

అసలు షిరో ఎవరు?

జపాన్‌కు నైరుతి కొనలో క్యూషూ ద్వీపం ఉంది. దాని పశ్చిమ తీరంలో షిమబర ద్వీపకల్పం, సముద్రపు పాయకు అవతల అమకుస దీవులు ఉన్నాయి. 16వ శతాబ్దంలో పోర్చుగీసు వర్తకులు, జెసూట్ మతగురువులు ఈ తీరానికి వచ్చారు. షిమబరను ఏలిన అరిమ వంశీకులు, తర్వాత అమకుస మీద అధికారం పొందిన కొనిషి యుకినగ క్రైస్తవం తీసుకున్నారు. ప్రజలు కూడా ఊళ్లకు ఊళ్లుగా తీసుకున్నారు. అరిమలోని జెసూట్ పాఠశాల నుంచి నలుగురు కుర్రవాళ్లు 1582లో రోముకు బయలుదేరారు. వెళ్లేటప్పుడూ తిరిగి వచ్చేటప్పుడూ వాళ్లు మన గోవాలో ఆగారు.

1600లో సెకిగహర యుద్ధంలో ఓడిన పక్షాన ఉన్నందుకు కొనిషి తల నరికారు. అతని కొలువులోని సమురాయ్‌లు దిక్కులేనివారయ్యారు. చాలామంది అమకుసలోనే రైతులుగా స్థిరపడ్డారు. అలాంటివారిలో మసుద జింబెయ్ ఒకడు. అతని కొడుకే షిరో. 1614లో దేశమంతటా క్రైస్తవాన్ని నిషేధించి, మతగురువులను వెళ్లగొట్టారు. షిరో పుట్టేనాటికి అతని కుటుంబ మతం నేరంగా మారింది.

తిరుగుబాటు నాటికి అతనికి సుమారు 16 ఏళ్లు. అతని గురించి అప్పుడే కథలు పుట్టాయి. ఆకాశంలోంచి పావురం వచ్చి అతని చేతిలో గుడ్డు పెట్టిందని, దాన్ని పగలగొడితే పవిత్ర లేఖనం బయటపడిందని చెప్పుకున్నారు. సముద్రం మీద నడిచి యుషిమ అనే చిన్న దీవికి వెళ్లాడని చెప్పుకున్నారు. వెళ్లగొట్టబడిన ఒక మతగురువు, 25 ఏళ్ల తర్వాత ఒక దివ్య బాలుడు వస్తాడని రాసి ఉంచాడన్నారు. యుషిమకు 'సమాలోచనల దీవి' అనే మరో పేరు కూడా ఉంది. రెండు వైపుల నాయకులూ అక్కడ కలుసుకుని మాట్లాడుకున్నారని దానికి అర్థం. కథలో కుర్రవాడు నీళ్ల మీద నడిచాడు. పెద్దవాళ్లు మాత్రం పడవల్లో వెళ్లి ఉంటారు. వ్యూహం పన్నినవాళ్లు కొనిషి కొలువులోని పాత సైనికులు. వాళ్లకు జనాన్ని ఒకటి చేసే ముఖం కావలసి వచ్చింది, ఆ ముఖం షిరోది.

తరగతిలో ఈ పాఠం చెప్పినప్పుడు విద్యార్థులు తరచు అడిగే ప్రశ్న, 'ఇవన్నీ నిజంగా జరిగాయా?' అని. చరిత్ర విద్యార్థికి అంతకన్నా పనికొచ్చే ప్రశ్న, 'ఇవి ఎవరికి అవసరమయ్యాయి?' అని. షిరోను మొదట అద్భుత పురుషుడిగా చేసింది శత్రువులు కాదు, అతని సొంత మనుషులే. ఈ సంగతి గుర్తుంచుకోండి. తర్వాత శత్రువులు దీన్నే తిరగేశారు.

పన్నా, మతమా?

షిమబర సంస్థానం అధికారిక దిగుబడి సుమారు 40,000 కొకు. కొకు అంటే ఒక మనిషికి ఏడాదికి సరిపడే బియ్యం, మన లెక్కలో సుమారు 180 లీటర్లు. ఈ కొద్దిపాటి సంస్థానానికి ప్రభువుగా వచ్చిన మత్సుకుర షిగెమస 1618లో తన స్థాయికి మించిన పెద్ద కోట కట్టడం మొదలుపెట్టాడు. షోగున్ మెప్పు కోసం ఎదో కోట పనుల్లోనూ శక్తికి మించిన వాటా తీసుకున్నాడు. ఆ ఖర్చంతా రైతు మీద పడింది. అతని కొడుకు కత్సుయియె కాలానికి ధాన్యం మీదనే కాక పొయ్యికి, కిటికీకి, పుట్టుకకు, చావుకు కూడా పన్ను వేశారని విదేశీయులు రాశారు. పన్ను కట్టలేనివారికి గడ్డితో అల్లిన వాన కోటు తొడిగి, చేతులు వెనక్కి కట్టి, దానికి నిప్పంటించేవారు. ఆ మంటల్లో మనిషి గిలగిలలాడడాన్ని 'వాన కోటు నాట్యం' అని పిలిచేవారని హిరదోలోని డచ్చి వర్తక కేంద్రం అధిపతి నికొలాస్ కూకెబాకర్ రాశాడు. బాకీపడ్డ రైతు ఇంట్లోని నిండు గర్భిణిని నీటి చెరలో పెట్టి చంపడమే తిరుగుబాటుకు తక్షణ కారణమని ఒక కథనం ఉంది.

అమకుసది అప్పటికి వేరే ప్రభువు పాలన. కరత్సు ప్రభువైన తెరసవ వంశం ఆ దీవుల దిగుబడిని 42,000 కొకుగా లెక్కగట్టింది. కొండలూ సముద్రమూ తప్ప చెప్పుకోదగ్గ మాగాణి లేని దీవులవి. తిరుగుబాటు అణిగాక అక్కడికి ప్రభుత్వ అధికారిగా వచ్చిన సుజుకి షిగెనరి ఆ లెక్క తప్పని, సగానికి తగ్గించాలని పై అధికారులను వేడుకున్నాడు. వాళ్లు వినకపోతే ప్రాణత్యాగం చేశాడని స్థానిక సంప్రదాయం చెబుతుంది. అమకుసలో అతనికి గుడి ఉంది. 1659లో ప్రభుత్వం ఆ అంకెను 21,000కు తగ్గించింది. నా దృష్టిలో ఈ పాఠం మొత్తంలో అతి ముఖ్యమైన అంకె ఇదే. లేని పంటకు అన్నేళ్లు పన్ను వసూలు చేశారని పాలకులు తమ చేత్తోనే ఒప్పుకున్నట్టయింది.

మరైతే ఇది మత తిరుగుబాటు కాదా? ఇక్కడ తొందరపడకండి. తిరుగుబాటు మొదలు కాగానే, ఇది క్రైస్తవుల కుట్ర అని మత్సుకుర పక్షం చెప్పింది. తన పాలన మీద నింద రాకుండా ఉండాలంటే అంతకన్నా మంచి సాకు దొరకదు. ఒమురలో చెరలో ఉన్న పోర్చుగీసువాడు దువార్తె కొరెయా, కారణం దౌర్జన్యమే తప్ప మతం కాదని రాశాడు. తన మతానికి రాజద్రోహం మచ్చ అంటకూడదన్నది అతని ఆరాటం. కూకెబాకర్ కూడా దౌర్జన్యాన్నే ఎత్తి చూపాడు, అయితే అతడు ప్రభుత్వంతో వ్యాపారం చేసుకోవలసినవాడు. మరోవైపు, తిరుగుబాటుదారులు కోట లోపలి నుంచి బాణాలకు కట్టి పంపిన ఉత్తరాల్లో తమ మతాన్ని తమకు వదిలేయమని అడిగారు. వదిలేసిన విశ్వాసానికి మళ్లీ వచ్చామన్నారు. ఈ ఉత్తరాలను బట్టి మతానికే ఎక్కువ బరువిచ్చే చరిత్రకారులు ఇప్పుడూ ఉన్నారు. నా అభిప్రాయం ఏమిటంటే, ఆకలి వాళ్లను లేపింది, మతం వాళ్లను కలిపి నిలబెట్టింది. ఒట్టి ఆకలే అయితే ఊరికో గుంపుగా లేచి, ఊరికో గుంపుగా అణిగిపోయేవారు.

ఇక్కడ ఆగి ఒక పని చేయండి. పైన చెప్పిన నాలుగు పక్షాల పేర్లూ ఒక కాగితం మీద రాసి, ఒక్కొక్కరి పక్కన ఆ మాట చెప్పడం వల్ల వారికి కలిగే లాభం ఏమిటో రాయండి. నాలుగో పక్షానికి ఏమి రాస్తారో ఎక్కువసేపు ఆలోచించండి.

హర కోట

1637 డిసెంబరులో అరిమ ప్రాంతంలో ఒక అధికారిని చంపడంతో తిరుగుబాటు మొదలైంది. అమకుసలోనూ జనం లేచారు. షిమబర కోటను పట్టుకోలేక, రెండు ప్రాంతాల వారూ సముద్రపు ఒడ్డున పాడుపడి ఉన్న హర కోటకు చేరారు. అది పాత అరిమ ప్రభువులది. గోడలు బాగుచేసుకుని, కుటుంబాలతో సహా లోపల స్థిరపడ్డారు.

షోగున్ ప్రభుత్వం పంపిన మొదటి సేనాని ఇతకుర షిగెమస. రైతులే కదా అనుకున్నారు. కొత్త సేనాని వస్తున్నాడని తెలిసి, తన పరువు దక్కించుకోవాలని 1638లో వారి సంవత్సరాది రోజున కోట మీద పడి ప్రాణం పోగొట్టుకున్నాడు. తర్వాత వచ్చిన మత్సుదైర నొబుత్సున తెలివైనవాడు. లక్షా ఇరవై వేలకు పైగా సైన్యంతో చుట్టూ కూర్చుని ఆకలి పని చేసేదాకా ఆగాడు. డచ్చివారిని అడిగి ఒక ఓడను తెప్పించి, సముద్రం వైపు నుంచి రెండు వారాల పాటు ఫిరంగులు పేల్పించాడు. ఇంతమంది జపాన్ వీరులుండగా విదేశీయుల సాయం ఎందుకని కోటలోని వారు ఎగతాళి చేశారు. ఓడను వెనక్కి పంపేశారు. ప్రఖ్యాత ఖడ్గవీరుడు మియమొతొ ముసషి కూడా ప్రభుత్వ పక్షాన అక్కడున్నాడు. కోట మీంచి విసిరిన రాయి కాలికి తగిలి నిలబడలేకపోతున్నానని అతడే ఒక ఉత్తరంలో రాసుకున్నాడు. ఆ రాయి విసిరింది ఎవరో, బహుశా ఏ రైతు ఇల్లాలో.

రాత్రిపూట కోట బయటికి వచ్చి దాడి చేసినవారి శవాల కడుపులు చీల్చి చూశారు. సముద్రపు నాచు, కాస్త బార్లీ తప్ప మరేమీ లేదు. ఇక సమయం వచ్చిందని నొబుత్సునకు తెలిసింది. 1638 ఏప్రిల్ 11, 12 తేదీల్లో కోట పడిపోయింది. లోపల ఉన్నవారిని వయసు చూడకుండా చంపారు. బతికి బయటపడినవారిలో మనకు బాగా తెలిసినవాడు యమద ఎమొసకు అనే చిత్రకారుడు. శత్రువులతో రహస్యంగా ఉత్తరాలు నడిపినందుకు అతణ్ణి విడిచిపెట్టారు. ఇద్దరు దేవదూతలు పవిత్ర పాత్రకు మొక్కుతున్నట్టు ఉన్న తిరుగుబాటు జెండాను గీసింది అతడే అంటారు. ఆ జెండా ఇప్పటికీ అమకుసలోని ఒక మ్యూజియంలో భద్రంగా ఉంది. కోటలో ఏం జరిగిందో మనకు తెలిసినదాంట్లో మంచి భాగం ఈ ద్రోహి వాంగ్మూలం నుంచి వచ్చిందే. ఆధారాల సంగతి అలాగే ఉంటుంది.

షిరో ముఖం ప్రభుత్వ సైన్యంలో ఎవరికీ తెలియదు. అందుచేత కుర్రవాళ్ల తలలు ఎన్నో పోగుచేసి, ముందే పట్టి ఉంచిన అతని తల్లికి ఒక్కొక్కటే చూపించారట. నా కొడుకును మీరు చంపలేరు అంటూ వచ్చిన ఆ తల్లి ఒక తల దగ్గర కూలబడి ఏడ్చిందని చెబుతారు. ఆ తలను నాగసాకిలో ప్రదర్శనకు పెట్టారు.

1992 నుంచి హర కోటలో తవ్వకాలు జరిగాయి. కూల్చిన గోడల రాళ్ల కింద మనుషుల ఎముకలు, తుపాకీ గుళ్లను కరిగించి చేసిన చిన్న చిన్న సీసపు శిలువలు దొరికాయి. మంత్రగోళాలేవీ దొరకలేదు.

తిరుగుబాటు అణిగాక మత్సుకుర కత్సుయియెకు ప్రభుత్వం మరణశిక్ష వేసింది. గౌరవంగా ఆత్మాహుతి చేసుకునే అవకాశం కూడా ఇవ్వకుండా మామూలు నేరస్తుడిలా తల నరికించింది. ఎదో యుగం మొత్తంలో ఒక సంస్థానాధిపతికి అలాంటి శిక్ష పడిన సందర్భం ఇదొక్కటే. తెరసవ ప్రభువు అమకుసను పోగొట్టుకున్నాడు. లోపల ఇంత చేసినా, దేశానికి మాత్రం తప్పంతా విదేశీ మతానిదేనని చెప్పారు. 1639లో పోర్చుగీసు ఓడలను నిషేధించారు. ప్రతి కుటుంబమూ ఏదో ఒక బౌద్ధాలయంలో పేరు నమోదు చేసుకోవాలన్న నియమం దేశమంతటా బిగిసింది. షిమబర దక్షిణ భాగంలో మనుషులే మిగల్లేదు. ఇతర ప్రాంతాల రైతులను తెచ్చి ఆ ఊళ్లను నింపారు. అక్కడ ఇప్పుడు పేరుపొందిన సన్న సేమియాల తయారీ కూడా అలా షొదోషిమ దీవి నుంచి వలస వచ్చినవారు తెచ్చినదేనని స్థానికుల నమ్మకం. ఈ వలసను మీరు జాగ్రత్తగా చూడాలి. ఊళ్లో పాత కుటుంబం ఒక్కటీ లేకపోతే, చనిపోయినవారి వైపు కథ పిల్లలకు చెప్పేదెవరు?

మనిషి మాంత్రికుడైన క్రమం

ఆ ఖాళీలోకి వేరే కథలు వచ్చాయి. తిరుగుబాటు మరుసటి ఏడు, 1639లోనే, రచయిత పేరు లేని 'కిరిషితాన్ మొనొగతరి' అనే పుస్తకం వెలువడింది. కిరిషితాన్ అంటే క్రైస్తవులు. అందులో మతగురువు పొడుగు ముక్కుతో, జపాన్ జానపద కథల్లోని పిశాచంలా ఉంటాడు. జనాన్ని మాయచేసి దేశాన్ని కాజేయడానికి వచ్చినవాడిగా కనిపిస్తాడు. పన్నుల దౌర్జన్యం వెనక్కి పోయి, మాయ ముందుకు వచ్చింది.

80 ఏళ్ల తర్వాత, 1719లో, గొప్ప నాటకకర్త చికమత్సు షిమబర సంఘటనను బొమ్మలాటగా రాశాడు. ప్రభుత్వానికి సంబంధించిన ఇటీవలి విషయాలను నేరుగా చూపడానికి వీల్లేదు కనుక కాలాన్ని వెనక్కి జరిపి, షిరో ఇంటిపేరును కొద్దిగా మార్చాడు. ఆ పాత్రకు కప్పల మంత్రవిద్య అంటగట్టాడు. 1804లో త్సురుయ నాన్‌బొకు రాసిన కబుకి నాటకంలో ఈ మంత్రవిద్య తెంజికు తొకుబెయ్ అనే పాత్రకు వచ్చింది. తెంజికు అంటే భారతదేశం! దూరదేశాలకు వెళ్లివచ్చిన ఒక నిజమైన వర్తకుడికి జనం పెట్టిన పేరు అది. నాటకంలో అతడు చదివే మంత్రంలో 'హరైసో' అనే మాట ఉంది. అది స్వర్గం అనే అర్థంగల పోర్చుగీసు మాట 'పరైసో'కు జపాన్ ఉచ్చారణ. ఒకప్పటి ప్రార్థనలోని మాట మంత్రంలో భాగమైపోయింది. నటుడు వేషాలు మార్చిన వేగం చూసి, ఇతడు నిజంగానే కిరిషితాన్ విద్య ప్రయోగిస్తున్నాడని వదంతి పుడితే అధికారులు వచ్చి చూసి వెళ్లారని రంగస్థల చరిత్రలో చెబుతారు.

ఆధునిక కాలంలో ఈ వరుసను తెంచడానికి ఒక ప్రయత్నం జరిగింది. 1962లో దర్శకుడు ఒషిమ నగిస షిరో మీద సినిమా తీసి, తిరుగుబాటును రాజకీయ సమస్యగా చూపాడు. అది ఆడలేదు. ఆడింది మరొకటి. ఆ దశాబ్దంలోనే యమద ఫుతరొ రాసిన నవల, తర్వాత 'మకై తెన్షో' పేరుతో ప్రసిద్ధమైంది. అందులో పగతో రగిలే మృతవీరులు మంత్రబలంతో తిరిగి లేస్తారు. వారిలో షిరో ఒకడు. 1981లో ఫుకసకు కింజి దాన్ని సినిమాగా తీసినప్పుడు షిరోనే మృతులను లేపే నాయకుడిగా చేశాడు. ఆ పాత్రను సవద కెంజి అనే గాయకుడు వేశాడు. అలంకరణ విషయంలో ఆడ, మగ తేడా చెరిపేసే వేషాలకు అతడు అప్పటికే పేరుపొందాడు. ఇప్పుడు ఆటలోని పాలిపోయిన ముఖాన్ని మళ్లీ గుర్తుచేసుకోండి. ఆ రూపానికి తండ్రి ఎవరో మీరే చెప్పగలరు. ఆ సినిమాలో షిరోకు ఎదురు నిలిచే యగ్యు జూబెయ్ పేరుతో ఆటలోనూ ఒక యోధుడున్నాడు.

ఆటను తయారుచేసినవారిని నిందించవలసిన పని లేదు. ఒక మేలు కూడా వాళ్లు చేశారు. వాళ్ల షిరోకు పగ ఉంది, ఆ పగకు కారణం ఉంది. తర్వాతి భాగాల్లో అతనిలోని మంచిని, చెడును విడదీసి చూపారు. పాత పుస్తకాల్లోని మాంత్రికుడికి ఆ మాత్రం న్యాయం కూడా జరగలేదు. అయితే ఆట చూసినవారికి దయ్యం గుర్తుంటుంది, 42,000 కొకు గుర్తుండదు.

మతం వైపు నుంచి కూడా వారికి పెద్ద గౌరవం దక్కలేదు. 2008లో నాగసాకిలో కాథలిక్ సంఘం 188 మంది జపాన్ అమరులను ధన్యులుగా ప్రకటించింది. అందులో షిమబర పక్కనే ఉన్న ఉన్‌జెన్ వేడినీటి గుండాల్లో హింసించి చంపినవారు ఉన్నారు. హర కోటలో చనిపోయినవారు లేరు. ఆయుధం పట్టినవారిని అమరులుగా లెక్కించరు.

1805లో ఏం జరిగింది?

ఆట కథ నడిచే 1780ల కాలంలో అసలు అమకుసలో ఏముందో చూద్దాం. సకిత్సు వంటి రేవు గ్రామాల్లో జాలరులు, రైతులు 150 ఏళ్లుగా రహస్యంగా ఆ ప్రార్థనలే చేసుకుంటున్నారు. మతగురువు లేడు, పుస్తకం లేదు. సముద్రంలో దొరికే ఆల్చిప్పల లోపలి మెరుపులో మరియమ్మ రూపం చూసుకునేవారు. పైకి అందరిలాగే గుడికి వెళ్లేవారు, అధికారులు నేల మీద పెట్టిన పవిత్ర చిత్రాన్ని ఏటేటా తొక్కేవారు.

ఎదోలో కప్పల మాంత్రికుడి నాటకం ఆడిన మరుసటి ఏడు, 1805లో, వీళ్ల సంగతి బయటపడింది. నాలుగు గ్రామాల్లో 5,000 మందికి పైగా తేలారు. చట్టం ప్రకారం ఇది మరణశిక్ష పడే నేరం. కాని ఒకేసారి అంతమందిని క్రైస్తవులని ప్రకటిస్తే ఏమవుతుందో అధికారులకు తెలుసు. పైగా వీళ్లు పన్ను కడుతున్నవాళ్లు, పొలం దున్నుతున్నవాళ్లు. విచారణ జరిపి, ఇది కిరిషితాన్ మతం కాదని, తెలివి తక్కువ జనం పూర్వీకుల నుంచి వచ్చిన ఏదో వింత ఆచారాన్ని పొరపాటున పాటిస్తున్నారని రాసుకున్నారు. ఇకమీదట చేయమని ఒట్టు వేయించుకుని, చిత్రాన్ని మరోసారి తొక్కించి, అందరినీ ఇళ్లకు పంపేశారు.